రాయి కింద బొగ్గు

మా అన్న నా పనిని మెచ్చుకున్నది ఇన్నేళ్లలో ఒక్కసారే. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, పట్నంలో ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో శిల్పం చదువుతున్నాను. అప్పటిదాకా నా చదువు ఆయనకు వేళాకోళం. ఇంటికి ఎవరొచ్చినా, "మా చెల్లె రాళ్లు గొట్టుడు నేర్సుకుంటాంది. మనూర్ల బడికి పోకుంటనే కొడ్తరు గవి" అని నవ్వించేవాడు. వాళ్లతో పాటు నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే రోషమొచ్చిందంటారని నవ్వేదాన్ని. అటువంటి మనిషి ఒక ఆదివారం పొద్దున నా గీతల పుస్తకం తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగి, "ఇది మస్తున్నది చెల్లె, పెద్దగ చెయ్యరాదు?" అన్నాడు. నేను పొంగిపోయాను. ఆ పూట అన్నం కూడా ఆయన పక్కనే కూర్చుని తిన్నాను. తర్వాత జరిగినదానికి ఎవరెవరి మీదో కోపం ఉంది గానీ, అందరికన్నా ఎక్కువ కోపం ఆ పొంగిపోయిన పిల్ల మీదే.

మాది మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఒక ఊరు. భూములున్న ఇల్లు. మా నాన్నను బాపు అంటాం, ఆయనకు వ్యవసాయం తప్ప మరోటి తెలియదు. అన్నకు మాత్రం తొంభైల మధ్యకొచ్చేసరికి వ్యవసాయం మీద మనసు విరిగి, మండల రాజకీయం మీదా ప్లాట్ల మీదా పడింది. ఆయన ఒక్కడే కాదు, ఆ దారిలో ఊరూరా అదే వరస. నేను మేడ్చల్ నుంచి బస్సులో కాలేజీకి పోతుంటే వారానికో కొత్త చెలకలో, అంటే మెట్ట చేనులో, సున్నం పూసిన కడీలు కనబడేవి. కడీ అంటే నడుమెత్తు రాతి స్తంభం. ఒకప్పుడు కంచెకూ పందిరికీ పాతేవాళ్లు, ఇప్పుడు ప్లాటుకు నాలుగు మూలలా పాతుతున్నారు. మా వైపు ఒక చెలకలో తెల్లటి కడీలు వరసగా లేచాయంటే ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు, పాతించినవాడు ఆ భూమి నాదంటున్నాడని అర్థం. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. నాకూ తెలుసు. తెలిసి కూడా బస్సు కిటికీలోంచి చూస్తూ, ఎర్రమట్టి మీద ఆ తెలుపు ఎంత బాగుందో అనుకుంటూ పోయేదాన్ని. చదువు నన్ను అంత దూరం తీసుకుపోయింది.

మా సారుకు విగ్రహాలంటే గిట్టదు. "నాయకుడి బొమ్మ చెక్కితే నాయకుడు కనబడతాడు, రాయి మాయమవుతుంది. రాయిని రాయిగా ఉండనివ్వండి" అనేవారు. రాయిని చెక్కి ఇంకోటిగా మార్చడం పాత పని. దాని బరువునీ, గరుకునీ, అది నిలబడ్డ జాగానీ చూపించడం ఇప్పటి పని. చుట్టూ ఉన్న ఖాళీ కూడా మట్టిలా, ఇనుములా ఒక సరుకే, దాన్ని కూడా మలచాలి. ఇదీ ఆయన పాఠం. వింటుంటే నాకు ఒళ్లు పులకరించేది. అబద్ధం ఎందుకు, ఇప్పటికీ అది తప్పు మాట అనిపించదు. ఒకరోజు ఆయన నన్ను లేపి, "మీ ఊరి రాయి ఎటువైపు పగులుతుంది?" అని అడిగారు. నేను నోరెళ్లబెట్టాను. రాళ్ల గుట్టల మధ్య పుట్టి పెరిగి, ఎక్కడినుంచో లారీలో వచ్చిన పాలరాయి మీద ఉలి పట్టడం నేర్చుకుంటున్నాను మరి.

ఆ సెలవుల్లో మా ఊరి కాక దగ్గరికి పోయాను. మాకు చుట్టమేం కాదు, ఊరి వరసలో చిన్నాన్న. రాయి కొట్టే ఇల్లు వాళ్లది. మా పెద్ద బావి తవ్వేటప్పుడు బండ పేల్చే మందు ముందే అంటుకుని వాళ్ల నాయిన చనిపోయాడు. అప్పుడు మా తాత కాకకు గుట్ట కింద రెండెకరాల చెలక చూపించి, "ఇగ ఇది నీది, దున్నుకో" అన్నాడట. కాగితం లేదు. పట్టా మా తాత పేరు మీదే ఉండిపోయింది. కానీ ఏ చెలక ఎవరు సాగు చేస్తున్నారో ఏటేటా రాసే పహాణీలో మాత్రం ముప్పై ఏళ్లుగా కాక పేరే. ఆ పేరు తప్ప ఆ భూమి తనదని చెప్పడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు. వానకాలం అందులో జొన్న, కంది వేసుకుని, మిగతా రోజుల్లో రాయి కొట్టుకుని బతికేవాడు. ఊళ్లో పనివాళ్లందరూ నన్ను అమ్మా అని పిలిస్తే, కాక ఒక్కడే బిడ్డా అనేవాడు.

"కొట్టుడు తర్వాత, ముందుగాల వాయించు" అన్నాడు మొదటి రోజు. సుత్తె వెనకవైపుతో రాయి మీద చిన్నగా కొట్టి చూపించాడు. "సప్పుడు ఇను. గణగణమంటె సక్కగ పగుల్తది. బొద్దుగ పల్కితె లోపల నెర్రె ఉన్నట్టు." తర్వాత ఒక గీత మీద చిన్న చిన్న గుంటలు కొట్టి, వాటిలో ఇనుప ముక్కలు దిగేసి, ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కొక్క దెబ్బ వేసుకుంటూ పోయి, ఆగిపోయాడు. నేను ఇంకో దెబ్బ వేద్దామని సమ్మెట ఎత్తాను. "ఆగు బిడ్డా. ఇగ అది దాని పని జేస్కుంటది" అని బీడీ ముట్టించాడు. బీడీ సగం కాలేసరికి రాయి టప్పుమని రెండయింది. ఈ సంగతి చెబితే మా సారు నోటుబుక్కు తీసి రాసుకున్నారు. మా కాక మాట సారు రాసుకున్నారని నేను వారం రోజులు తల ఎగరేసుకుని తిరిగాను.

కడీలు పాతడం కూడా ఆయనే నేర్పాడు. రాయిలో మూడో వంతు మట్టిలోకి పోవాలి. హద్దు రాయి అయితే రెండువైపుల భూమివాళ్లూ వచ్చి నిలబడాలి, వాళ్ల కళ్ల ముందు గుంటలో దోసెడు బొగ్గు వేసి దాని మీద రాయి దించాలి. కర్ర చీకిపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది, బొగ్గు మాత్రం వందేళ్లకైనా బొగ్గుగానే ఉంటుంది. రేపు ఎవడైనా రాయి పీకి పక్కకు జరిపినా, పాత గుంటలో బొగ్గు దొరుకుతుంది. "పెద్దమనుషులు రాయిని నమ్మరు బిడ్డా. తవ్వి బొగ్గు సూస్తరు" అన్నాడు. ఎంత అందమైన పద్ధతి అనుకున్నాను నేను.

అన్న మెచ్చుకున్న పేజీలో నేను గీసింది ఇదీ. నలభై కడీలు గుట్ట మొదట్లో బయల్దేరి, ఒక్కోటి ఒక్కో రకంగా వంగి, ఏటవాలు ఎక్కుతున్న జనంలా కనబడాలి. అన్న ఆ పేజీ మీద వేలు పెట్టి, "గీ వంకరటింకర ఏంది? సీదా లైన్ల పెట్టు. దూరం నుంచి సూస్తె ఒక లెక్క కనవడాలె" అన్నాడు. నేను మూతి ముడుచుకున్నాను. రెండు రోజులు ఆలోచిస్తే ఆయన చెప్పిందే బాగుందనిపించింది. నేల ఎగుడుదిగుడు తెలియాలంటే దాని మీద తిన్నటి వరస ఉండాలి. మా సారు కూడా, "మీ అన్నయ్య కన్ను మంచిది" అన్నారు. ఆ మాట మోసుకొచ్చి అన్నకు చెప్పింది కూడా నేనే.

ఆ కడీలను సిటీలో ఒక హాల్లో ప్రదర్శనకు పెడదామనుకుంటున్నానని చెప్పాను. "సిటీల హాలెందుకు? గుట్ట కింద చెలకల పెట్టు, మనదే గద" అన్నాడు అన్న.

"కాక దున్నుకుంటున్నడు గద అన్నా."

"అడుగు. నువ్వడిగితె కాదంటడా?"

కాదనలేదు. "ఒక్క వానకాలం ఇత్తకుంటె ఏమైతది బిడ్డా, రాయి కొట్టుకుంట" అన్నాడు కాక. పైగా కడీలు తానే కొడతానన్నాడు, బయటివాళ్లు కొడితే వంకరొస్తాయట.

తీరా పోయి నిలబడి చూస్తే ఆ చెలక నాకు కావలసినంత ఖాళీగా లేదు. నడిమధ్య రెండు గట్లు. ఒక మూల కాపలాకు వేసుకున్న కాక గుడిసె. పక్కన పెంటకుప్ప, పోయినేటి కందికట్టె మోపులు. మా సారు వచ్చి నాలుగు వైపులా తిరిగి, "ఇక్కడ రొద ఎక్కువగా ఉంది, నేలను కాస్త మౌనంగా ఉంచాలి" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. గట్లు తీసేద్దామా కాకా అని మెల్లగా అడిగాను. "మల్ల ఏస్కుందం తియ్" అని తనే పార పట్టాడు. గుడిసె పైకప్పు విప్పి వాసాలు ఇంటికి మోసుకుపోయాడు. పెంటకుప్ప ఎత్తి చెలకంతా చల్లాడు. నాలుగు రోజులకు ఆ నేల మీద ఆయన ముప్పై ఏళ్లు చాకిరీ చేశాడన్న జాడ ఒక్కటీ లేదు. నేను గుట్ట మీద నుంచి చూసి, ఇప్పుడు బాగుంది కాకా అన్నాను.

గుంటలు తీస్తుండగా నాకు బొగ్గు గుర్తొచ్చింది. ఇంటికి పరుగెత్తి సంచెడు బొగ్గు తెచ్చాను. కాక ముఖం చిట్లించాడు.

"గివి హద్దు రాళ్లు గావు గద బిడ్డా. బొగ్గెందుకు?"

"ఎవ్వరికి కనవడది కాకా. కింద ఉన్నదని మనకెర్క, అంతే. గదే ముచ్చట."

"నీ సదువు నాకు సమజ్ గాదు" అని నవ్వాడు. కానీ మొదటి గుంట దగ్గర బొగ్గు దోసిట్లో పట్టుకుని చాలాసేపు వెయ్యలేదు. "రెండు దిక్కులోళ్లు లేరు గద" అన్నాడు. ఒక దిక్కు నువ్వు, ఒక దిక్కు నేను అని అటూ ఇటూ నిలబడ్డాం. అప్పుడు వేశాడు. నలభై గుంటల్లోనూ వేశాడు. చూసేవాడికి ఎప్పటికీ కనబడని వస్తువు ఒకటి నా పనిలో ఉందని నేను మురిసిపోయాను. కళ అంటే ఇదే కదా అనుకున్నాను.

పని జరిగిన పది రోజుల్లో అన్న నాలుగుసార్లు వచ్చాడు. టేపు ఒక కొస తానే పట్టుకున్నాడు. "ఉత్త రాయి దూరం కనవడది, సున్నం ఎయ్యి" అని సున్నం సంచులు దింపించాడు. బస్సు కిటికీలోంచి నేను చూసిన తెలుపు అప్పటికే నా మనసులో ఉంది కాబట్టి, అన్నా నేనూ ఒకేలా ఆలోచిస్తున్నామని సంబరపడ్డాను. చిన్నప్పటి నుంచి నాకూ ఆయనకూ మధ్య ఉన్న ఎడం ఆ చెలకలో తగ్గిపోతోందనిపించింది. ఒక మధ్యాహ్నం ఇద్దరం ఒక కడీకి ఆనుకుని కూర్చుని ఒకే గిన్నెలోంచి అటుకులు తిన్నాం. ఆ అటుకుల రుచి ఇప్పటికీ నాకు కంపరమే.

చూడడానికి మా సార్లు, తోటి విద్యార్థులు బస్సులో వచ్చారు. ఒక పేపరు విలేకరి కూడా వచ్చాడు. ఈ స్థలం ఎవరిదండీ అని అడిగితే, "మా చెలకే" అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. నోటికి అదే దొరికింది, మా ఇంట్లో అందరూ ఆ చెలకను అలాగే అంటారు. కాక సంగతి కూడా చెప్పాను, ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు కూడా. పేపర్లో మాత్రం "కూలీల సాయంతో" అని వచ్చింది. బొగ్గు ముచ్చట కళ్లు మెరిపిస్తూ చెప్పినట్టున్నాను, అది మాత్రం హద్దు రాయి పద్ధతి అని పొల్లు పోకుండా వచ్చింది. ఫొటోలో తెల్లటి కడీలు, ఎర్రటి నేల, మధ్యలో నేను. మనిషి జాడ లేని బీడు నేలకు మాట నేర్పానని నేనే అన్నట్టు రాశారు. అది కూడా నేను అన్నదే. అన్న ఆ కాగితాన్ని కత్తిరించి, లామినేషన్ చేయించి, హాల్లో పెట్టాడు. నా పనికి సంబంధించి మా ఇంట్లో గోడెక్కిన వస్తువు అదొక్కటే.

కడీలు తీసేద్దామంటే, "ఉండనియ్యి, మంది వచ్చి సూసి పోతున్నరు" అన్నాడు అన్న. వచ్చే వానకాలానికి తీసి విత్తుకుంటానని కాక కూడా అన్నాడు. నేను ఇంకో రాష్ట్రంలో శిల్పుల శిబిరానికి పోయి రెండు నెలల తర్వాత వచ్చాను. వచ్చిన మూడో రోజు కాలేజీ గేటు దగ్గర కాక నిలబడి ఉన్నాడు. ఆయన అంత దూరం రావడం అదే మొదటిసారి. రెండు బస్సులు మారి, దారి అడుక్కుంటూ వచ్చాడు.

"నీ రాళ్ల మీద ఎర్రరంగుతోని ప్లాట్ల నంబర్లు ఏసిండ్రు బిడ్డా. నీకెర్కేనా?" అన్నాడు.

నాకు తెలియదు. అయినా ఆ క్షణంలోనే అంతా తెలిసిపోయింది. పహాణీ రాసే ఆఫీసరు వచ్చాడనీ, పంట లేదు, గట్టు లేదు, గుడిసె లేదు, పడావు పడ్డ భూమి అని రాసుకుపోయాడనీ, సాగు చేసేవాడి గడిలో ముప్పై ఏళ్లుగా ఉన్న పేరు ఆ ఏడు లేదనీ కాక చెబుతూ పోయాడు. నాకు నంబర్ల దగ్గరే చెవులు మూసుకుపోయాయి. సీదా లైన్లు. టేపు. సున్నం. ఆయన కన్ను మంచిదన్నారు మా సారు.

ఇంటికి పోయి అన్నను నిలదీశాను. గొంతు చించుకుని అరిచాను. ఆయన ఒక్క మాట కూడా ఎత్తి మాట్లాడలేదు.

"రాళ్లు నువ్వే పాతిపిచ్చినవ్. గట్లు నువ్వే తీపిచ్చినవ్. గుడిసె నేను పీకమన్ననా? నేనేం జేసిన చెల్లె?"

"సీదా పెట్టుమన్నది ఎవలు? సున్నం ఎయ్యమన్నది ఎవలు?"

"మంచిగుంటదని జెప్పిన. మంచిగ లేదా?"

బాపు అక్కడే మంచం మీద కూర్చుని కాలి గోళ్లు చూసుకుంటున్నాడు. అన్న నన్ను వాడుకున్నాడని అప్పటికి అర్థమైంది. ఎందుకో బాపు నన్ను ఆదుకుంటాడని మాత్రం నమ్మాను.

కాక మొరపెట్టుకుంటే పంచాయితీ ఆ చెలకలోనే పెట్టారు, పొద్దున పూట. ఊరి పెద్దమనుషులు అయిదుగురు. అన్న లామినేషన్ కాగితం తెచ్చి వాళ్ల చేతుల్లో పెట్టాడు. కాక చేతులు కట్టుకుని నిలబడి, "గివి బొమ్మ రాళ్లు పటేలా. బిడ్డ అడిగితె పాతిన. ఆమెనే అడుగుండ్రి" అన్నాడు. వాళ్లు అడిగారు. నేను చెప్పాను. భూమి కాకదే, నేను అడిగి తీసుకున్నాను, గట్లూ గుడిసే తీయించింది నేనే, పేపరు వాడితో మా చెలక అన్నది నా తెలివితక్కువతనం. ఏదీ దాచలేదు. పెద్దాయన నా మాట శ్రద్ధగా విని, బాపు వైపు తిరిగాడు.

"మీ నాయిన ఈయనకు గీ చెలక ఇచ్చిన మాట నిజమేనా?"

మా తాత ఆ మాట అన్నప్పుడు పక్కన బాపు ఉన్నాడు. చిన్నప్పుడు ఆ కథ నాకు చెప్పింది బాపే. ఎప్పుడు చెప్పినా, "మా నాయిన మాట అంటె మాటే" అని ముగించేవాడు.

"నాకు యాది లేదు" అన్నాడు బాపు.

కాక బాపు వైపు చూడలేదు. నేల వైపు చెయ్యి చూపించి, "గిదిగో. బొమ్మ రాయో హద్దు రాయో తవ్వి సూడుండ్రి" అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకు గుర్తొచ్చింది. నాకూ అప్పుడే గుర్తొచ్చింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కానీ అప్పటికే ఒకతను గడ్డపార అందుకున్నాడు.

మొదటి రాయి కింద బొగ్గు. రెండోదాని కింద బొగ్గు. మూడోది తవ్వబోతుంటే పెద్దాయన చాలన్నాడు.

"సదువుకున్నదానివి, నువ్వే చెప్పమ్మా. బొమ్మ రాయి కింద బొగ్గెవ్వరేస్తరు?"

"నేనే ఏయిపిచ్చిన" అన్నాను.

"ఎందుకు?"

మా సారు చెప్పినవన్నీ వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పబోయాను. కనబడే వస్తువు, కనబడని వస్తువు, రాయి కింద దాగిన నలుపు. పాపం, వాళ్లు మర్యాదగా విన్నారు. ఆ గుంట అంచున నిలబడి చెబుతుంటే నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆడపిల్ల, ఆ ముసలాయన మీద జాలితో కథలు చెబుతోందని ఒకాయన అననే అన్నాడు. పాతినవి హద్దు రాళ్లేననీ, చెలక పట్టా ఎవరి పేరున ఉందో వాళ్లదేననీ తేల్చి కాగితం రాయించారు. కాకకు ఏదన్నా పని చూపించమని అన్నకు చెప్పారు. అన్న దానికి పెద్ద మనసుతో ఒప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం బాపును అడిగాను, నిజంగా యాది లేదా అని.

"యాది ఉంటె ఏం జెయ్యాలె బిడ్డా? వాడు నా కొడుకు."

"మరి నేను?"

బాపు మంచం మీద నుంచి లేచి బయటికి పోయాడు. నేను మూటాముల్లె సర్దుకుని హాస్టల్‌కు వచ్చేశాను. వాళ్లిద్దరూ నాకు చేసింది ద్రోహం. ఆ మాట ఇన్నేళ్లలో పెళ్లిళ్లలో, చావుల్లో ఎదురుపడ్డ ప్రతిసారీ అనాలనుకుని అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

కాలేజీకి పోయి మా సారుకు అంతా చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపకుండా విని, "నీ పని ఇప్పుడు పూర్తయింది తెలుసా?" అన్నారు. నాకు అర్థం కాలేదు. "ఆ కడీల ఫొటోలు, పేపరు ముక్క, పెద్దమనుషుల తీర్పు, ఆయన కథ, ఇవన్నీ ఒకే గోడ మీద పెట్టు. ఆయన పేరుతో సహా రాయి. ఆ రాళ్ల కన్నా ఇది వంద రెట్లు బలమైన పని అవుతుంది" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి వచ్చేద్దామనుకున్నాను. నేను ఏడ్చి చెప్పిన మనిషి బతుకు ఆయనకు సరుకుగా కనబడింది. ఈయన కూడా ఇంతేనా అనుకున్నాను. అనుకుంటూనే, ఎదురుగా ఉన్న తెల్ల గోడ ఎంత పొడవుంటుందా అని చూశాను. తీర్పు కాగితం ఎడమవైపు ఉండాలి, ఫొటోలు కంటి ఎత్తున. ఇదంతా నా తలలో ఆయన మాట పూర్తవకముందే సర్దుకుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను.

రెండు పేజీలు రాశాను. బాగా రాశాను. అది గోడకు పెట్టాలంటే కాకను అడగాలి కదా అని, ఆయన ఎక్కడున్నాడో వాకబు చేసి పోయాను. మా అన్న చూపించిన పని ఆయన చెయ్యలేదు. దూలపల్లి దగ్గర గ్రానైట్ పలకలు నునుపు చేసే షెడ్డులో చేరాడు. అక్కడ రాయిని వాయించి చూసే పని లేదు, మిషన్ కోసేస్తుంది. కాక నీళ్లు కారే పలకలను ఒక మూలకు మోసి నిలబెడుతున్నాడు. నన్ను చూసి, "మంచిగున్నవా బిడ్డా" అని చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. అన్నాళ్లుగా దాచుకున్న క్షమాపణ చెప్పాను. "అయిపాయె తియ్" అన్నాడు. నేను కాగితాలు తీసి మిషన్ చప్పుడు మధ్య రెండు పేజీలూ పైకి చదివాను. ఆయన తల వంచి ప్రతి మాటా విన్నాడు.

"నా పేరు గూడ రాస్తవా?"

"నువ్వొప్పుకుంటె రాస్త కాకా. పెద్ద హాల్ల గోడ మీద."

"పెద్ద పెద్దోళ్లు వస్తరా? ఆఫీసర్లు?"

"వస్తరు."

కాక కళ్లలో ఆశ కనబడింది. షెడ్డు వైపు ఒకసారి చూసి, నాకు దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"గోడ మీద పేరెక్కితె, మల్ల పహాణీల ఎక్కుతదా బిడ్డా?"

"ఎక్కది కాకా."

"ఎన్నడన్న?"

"ఎక్కది."

ఆయన కాసేపు నా చేతిలోని కాగితాల వైపు చూశాడు. కోపం లేదు, నింద లేదు. నిజంగానే తెలియక అడిగాడు.

"మరి ఎవరి కోసమే గది?"

నా కోసం అని ఆయన ముఖం మీద చెప్పలేకపోయాను.